స్క్రాచ్‌లో తెలుగు గోడ గడియారం: మొదటి గీత నుంచి గంట మోగేదాకా

స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ భాష పేరు వినగానే అది స్కూలు పిల్లల వ్యవహారం అనుకుని పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ దీన్ని విడుదల చేసింది 8 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే. అయినా ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, సాయంత్రం పూట కంప్యూటర్ మీద సరదాగా సొంతంగా ఏదైనా తయారు చేద్దామనుకునే పెద్దవాళ్లకు కూడా మొదలుపెట్టడానికి ఇంతకంటే తేలికైన భాష దొరకదు. ఆదేశాలన్నీ బ్లాకుల రూపంలో ఉంటాయి. ఒకదాని కింద ఒకటి అతికించుకుంటూ పోవడమే. స్పెల్లింగ్ తప్పు, బ్రాకెట్ మర్చిపోవడం లాంటి బాధలు ఉండవు. తప్పంటూ జరిగితే అది ఆలోచనలోనే జరుగుతుంది, నేర్చుకోవాల్సింది కూడా అక్కడే.

ఇక్కడ చేయబోయేది డెస్క్‌టాప్ మీద నడిచే ముళ్ల గడియారం. తెలుగు అంకెల డయల్, తెలుగులో వారం పేరు, గంట గంటకూ మోత, అనుకున్న తేదీకి ఇంకా ఎన్ని రోజులుందో చెప్పే లెక్క అన్నీ ఉంటాయి. మొదటి ప్రాజెక్టుగా ఆట కంటే గడియారమే మేలు. ఆటలో తప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. గడియారం తప్పు నడుస్తుంటే చేతి వాచీ చూస్తే తెలిసిపోతుంది.

సరంజామా

విండోస్ 10 లేదా ఆ పైది ఉంటే స్క్రాచ్ అధికారిక సైట్ నుంచి గానీ మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి గానీ స్క్రాచ్ యాప్ దించుకోండి. ఉచితం. మ్యాక్‌కూ యాప్ ఉంది. లినక్స్ వాడేవాళ్లు బ్రౌజర్‌లోనే సైట్ తెరిచి ‘క్రియేట్’ నొక్కితే సరిపోతుంది. యాప్ ఒకసారి ఎక్కాక ఈ ప్రాజెక్టుకు ఇంటర్నెట్ అక్కర్లేదు. టెక్స్ట్ టు స్పీచ్, ట్రాన్స్‌లేట్ అనే రెండు ఎక్స్‌టెన్షన్లకు (అదనపు బ్లాకుల కట్టలకు) మాత్రం నెట్ కావాలి. వాటిని మనం ముట్టుకోం.

తెలుగు టైపింగ్ కోసం విండోస్ సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’లోకి వెళ్లి తెలుగు చేర్చుకోండి. తర్వాత విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. వేరియబుల్ (విలువను దాచుకునే డబ్బా) పేర్లు, మెసేజ్ పేర్లు, స్ప్రైట్ (తెర మీద కదిలే బొమ్మ) పేర్లు అన్నీ స్క్రాచ్‌లో తెలుగులో పెట్టుకోవచ్చు. పెట్టుకోవాలి కూడా. ఆరు నెలల తర్వాత ఫైలు తెరిచినప్పుడు ‘మోగిన గంట’ అని కనబడితే అది దేనికో వెంటనే గుర్తొస్తుంది.

ఇంకో అలవాటు ఇప్పుడే చేసుకోండి. యాప్ తనంతట తాను సేవ్ చేయదు. ఒక్కో దశ పూర్తయ్యాక ‘ఫైల్’ మెనూలో ‘సేవ్ టు యువర్ కంప్యూటర్’ నొక్కి గడియారం-1, గడియారం-2 అని వేర్వేరు పేర్లతో దాచండి. ఏదైనా చెడితే ఒక అడుగు వెనక్కి వెళ్తే చాలు.

స్టేజ్ కొలతలు, దిక్కులు

కుడివైపు పైన కనిపించే తెల్ల పెట్టెను స్టేజ్ అంటారు. వెడల్పు 480, ఎత్తు 360. సరిగ్గా మధ్య బిందువు దగ్గర ఎక్స్ 0, వై 0. అక్కడి నుంచి కుడికి 240, ఎడమకు మైనస్ 240, పైకి 180, కిందికి మైనస్ 180. కాబట్టి డయల్ వ్యాసార్థం 180 లోపే ఉండాలి. మనం 157 దగ్గర ఆపుదాం.

దిక్కుల సంగతి ఇంకా ముఖ్యం. స్క్రాచ్‌లో పైవైపు 0 డిగ్రీలు, కుడివైపు 90, కిందికి 180. కోణం గడియారం ముల్లు తిరిగే వైపే పెరుగుతుంది. స్కూల్లో చదివిన గణితంలో కోణం కుడివైపు మొదలై దీనికి ఎదురు తిరుగుతుంది. స్క్రాచ్ పద్ధతి గడియారానికి అచ్చంగా సరిపోతుంది కాబట్టి మనకు సైన్, కాస్ లెక్కల అవసరం రాదు.

డయల్ మీద గీతలు

తెరవగానే కనిపించే పిల్లి బొమ్మను, దాని మూలనున్న చెత్తబుట్ట గుర్తు నొక్కి తీసేయండి. స్ప్రైట్ గుర్తు మీద మౌస్ ఉంచితే పైకి ఒక వరస తెరుచుకుంటుంది. అందులో కుంచె బొమ్మ నొక్కి కొత్త స్ప్రైట్ తెరవండి. ఏమీ గీయకుండా ఖాళీగానే వదిలి ‘గీతలు’ అని పేరు పెట్టండి. ఎడమవైపు అట్టడుగున ఉన్న బటన్ నొక్కి ‘పెన్’ ఎక్స్‌టెన్షన్ చేర్చండి. ‘లెక్క’ అనే వేరియబుల్ తయారు చేస్తూ ‘ఫర్ దిస్ స్ప్రైట్ ఓన్లీ’ ఎంచుకోండి. ఇప్పుడు బ్లాకులు ఈ వరసలో పేర్చండి (ముందు గీత ఉన్నవి పై బ్లాకు లోపలికి వెళ్తాయి):

వెన్ ఫ్లాగ్ క్లిక్డ్
ఇరేజ్ ఆల్
పెన్ అప్
పాయింట్ ఇన్ డైరెక్షన్ 0
సెట్ లెక్క టు 0
రిపీట్ 60
— ఇఫ్ (లెక్క మాడ్ 5 = 0) అయితే సెట్ పెన్ సైజ్ టు 5, ఎల్స్ సెట్ పెన్ సైజ్ టు 2
— గో టు ఎక్స్ 0 వై 0
— మూవ్ 145 స్టెప్స్
— పెన్ డౌన్
— మూవ్ 12 స్టెప్స్
— పెన్ అప్
— టర్న్ 6 డిగ్రీస్ (కుడి బాణం ఉన్నది)
— చేంజ్ లెక్క బై 1
బ్రాడ్‌కాస్ట్ ‘అంకెలు వెయ్యి’

మాడ్ అంటే భాగించగా వచ్చే శేషం. లెక్క 0, 5, 10, 15 అయినప్పుడు శేషం సున్నా, అక్కడ లావు గీత పడుతుంది. స్టేజ్ పైనున్న పచ్చజెండా నొక్కితే గీతలు ఒక్కొక్కటిగా దాదాపు రెండు సెకన్లలో చుట్టూ పడతాయి. స్క్రాచ్ సెకనుకు 30 సార్లు తెరను తాజా చేస్తుంది, తెర మీద ఏదైనా మారే లూపులో (రిపీట్ లాంటి, మళ్లీ మళ్లీ జరిగే వరసలో) ఒక్కో చుట్టుకు ఒక్కో తాజా పడుతుంది కాబట్టి 60 గీతలకు ఆ సమయం. అన్నీ ఒక్క దెబ్బకు రావాలంటే ‘మై బ్లాక్స్’లో కొత్త బ్లాక్ తయారుచేసి, ‘రన్ వితౌట్ స్క్రీన్ రిఫ్రెష్’ టిక్ పెట్టి, ఈ రిపీట్ మొత్తాన్ని దాని కింద పెట్టండి. గీతలు పడుతుంటే చూడటం బాగుంటుంది, అందుకని అలాగే వదిలేయడమే మంచిది.

గీతలన్నీ మధ్యనుంచి సైకిల్ చక్రం పుల్లల్లా వచ్చాయంటే లోపలి ‘పెన్ అప్’ మర్చిపోయారన్నమాట.

తెలుగు అంకెలు

ఇంకో ఖాళీ స్ప్రైట్ తెరిచి ‘అంకెలు’ అని పేరు పెట్టండి. కాస్ట్యూమ్స్ (స్ప్రైట్ వేసుకునే రూపాలు) ట్యాబ్‌లో టెక్స్ట్ పనిముట్టు తీసుకుని ౧ రాయండి. బాణం పనిముట్టుతో పట్టుకుని సరిగ్గా మధ్యనున్న గుర్తు మీదికి జరపండి. తర్వాత ఎడమవైపు ఆ కాస్ట్యూమ్ మీద రైట్ క్లిక్ చేసి ‘డూప్లికేట్’ కొట్టి, అంకె మార్చుకుంటూ పోండి: ౨, ౩, ౪, ౫, ౬, ౭, ౮, ౯, ౧౦, ౧౧, ౧౨. కీబోర్డులో తెలుగు అంకెలు దొరక్కపోతే ఇక్కడి నుంచే కాపీ చేసుకోండి. రెండంకెలవి వెడల్పు పెరుగుతాయి కాబట్టి వాటిని మళ్లీ మధ్యకు జరపాలి. మొత్తం కాస్ట్యూములు కచ్చితంగా 12 ఉండాలి. పైన ఒక ఖాళీ కాస్ట్యూమ్ మిగిలిపోతే అంకెలన్నీ ఒక్కో స్థానం ముందుకు జరిగి, ౧ ఉండాల్సిన చోట ఏమీ ఉండదు.

వెన్ ఐ రిసీవ్ ‘అంకెలు వెయ్యి’
సెట్ రొటేషన్ స్టైల్ ‘డోంట్ రొటేట్’
స్విచ్ కాస్ట్యూమ్ టు (మొదటిది)
షో
రిపీట్ 12
— గో టు ఎక్స్ 0 వై 0
— పాయింట్ ఇన్ డైరెక్షన్ (కాస్ట్యూమ్ నంబర్ × 30)
— మూవ్ 122 స్టెప్స్
— స్టాంప్
— నెక్స్ట్ కాస్ట్యూమ్
హైడ్

‘డోంట్ రొటేట్’ పెట్టకపోతే ఆరో అంకె ఒక పక్కకు పడుకుంటుంది, తొమ్మిది తలకిందులవుతుంది. దిక్కు మారాలి, బొమ్మ మాత్రం నిటారుగా ఉండాలి, ఆ బ్లాక్ చేసే పని అది.

అంకెల స్ప్రైట్‌కు నేరుగా పచ్చజెండా ఎందుకు పెట్టలేదన్న ప్రశ్న రావాలి. జెండా నొక్కగానే దాని కింద ఉన్న స్క్రిప్టులన్నీ (పేర్చిన బ్లాకుల వరసలన్నీ) దాదాపు ఒకేసారి మొదలవుతాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది మన చేతిలో ఉండదు. అంకెల స్ప్రైట్ మొదటి స్టాంప్ (బొమ్మ అచ్చు) వేసేశాక గీతల స్ప్రైట్ ‘ఇరేజ్ ఆల్’ నడిపితే ఆ అంకె తుడిచిపెట్టుకుపోతుంది. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. ఇలాంటి తప్పును పట్టుకోవడం చాలా కష్టం. ఒకటి అయ్యాకే రెండోది మొదలవ్వాలంటే, స్ప్రైట్లకు మెసేజ్ పంపే బ్రాడ్‌కాస్ట్ వాడాలి.

ముళ్లు: అసలు పని ఇక్కడే

మూడు ముళ్లకు మూడు స్ప్రైట్లు. ప్రతిదాన్నీ పెయింట్ ఎడిటర్‌లో వెక్టర్ పద్ధతిలోనే గీయండి. బిట్‌మ్యాప్‌లో గీస్తే తిరిగేటప్పుడు అంచులు రంపపు పళ్లలా కనబడతాయి. దీర్ఘచతురస్రం పనిముట్టుతో గంటల ముల్లు పొడవు దాదాపు 75, మందం 8; నిమిషాలది 110, మందం 5; సెకన్లది 135, మందం 2, ఎరుపు రంగులో. ఎడిటర్‌లో స్కేలు ఉండదు కాబట్టి కంటి అంచనాతో గీసి, స్టేజ్ మీద గీతలతో పోల్చి సరిచేసుకోండి.

ముల్లు గీయడంలో రెండు నియమాలు. దాదాపు అందరూ తప్పేది వీటిలోనే.

మొదటిది: ముల్లును అడ్డంగా, కుడివైపు చూస్తున్నట్టు గీయాలి. గడియారం అనగానే చెయ్యి దానంతట అదే నిలువుగా గీస్తుంది. స్క్రాచ్‌లో ‘90 డిగ్రీలు’ అంటే బొమ్మను ఎలా గీశామో అలాగే చూపించడం. నిలువుగా గీసిన ముల్లును 0 వైపు తిప్పమంటే అది మరో 90 డిగ్రీలు ఎడమకు పోయి తొమ్మిది దగ్గర నిలబడుతుంది. నిమిషాల ముల్లు ఎప్పుడూ 15 నిమిషాలు వెనక చూపిస్తుందంటే కారణం ఇదే. ఫార్ములాలో 90 కలిపి సర్దేయొద్దు. కాస్ట్యూమ్‌నే తిప్పండి.

రెండోది: ఎడిటర్ మధ్యలో సన్నగా కనిపించే గురి గుర్తే స్ప్రైట్ తిరిగే ఇరుసు. ముల్లు ఎడమ కొస ఆ గుర్తు మీద ఉండాలి. మొత్తం ముల్లే మధ్యలో ఉంటే అది ఫ్యాను రెక్కలా నడుమ నుంచి తిరుగుతుంది. బొమ్మను లాగేటప్పుడు దాని మధ్య భాగం తనంతట తానే గురి గుర్తుకు అతుక్కుంటుంది. మామూలుగా ఇది సాయమే, ముల్లుకు మాత్రం అడ్డం. అందుకే ముందు మధ్యకు అతుక్కోనివ్వండి, అప్పుడు నిలువులో సరిగ్గా ఉంటుంది. తర్వాత మౌస్ వదిలేసి, కీబోర్డ్ మీద కుడి బాణం కీతో కొస గుర్తు దాకా వచ్చేలా జరపండి. అసలు గడియారాల్లోలా ముల్లు తోక కొంచెం వెనక్కి రావాలంటే కొసను గుర్తుకు 10 ఎడంగా ఎడమవైపు ఆపండి.

సెకన్ల ముల్లుకు:

వెన్ ఫ్లాగ్ క్లిక్డ్
గో టు ఎక్స్ 0 వై 0
గో టు ఫ్రంట్ లేయర్
ఫరెవర్
— పాయింట్ ఇన్ డైరెక్షన్ (కరెంట్ సెకండ్ × 6)
— వెయిట్ 0.1 సెకండ్స్

‘కరెంట్’ అనే బ్లాక్ సెన్సింగ్ విభాగంలో ఉంటుంది. దాని మెనూలో ఇయర్, మంత్, డేట్, డే ఆఫ్ వీక్, అవర్, మినిట్, సెకండ్ ఉంటాయి. కంప్యూటర్ గడియారంలో ఏముందో అదే ఇస్తుంది. ఒక చుట్టు 360 డిగ్రీలు, 60 సెకన్లు, కాబట్టి సెకనుకు 6.

మిగతా రెండింటికీ అదే స్క్రిప్టును లాగి వాటి బొమ్మల మీద వదిలితే కాపీ అవుతుంది. ‘ఫ్రంట్ లేయర్’ బ్లాకును వాటిలోంచి తీసేసి, దిక్కు మాత్రం ఇలా మార్చండి:

నిమిషాలు: (కరెంట్ మినిట్ × 6) + (కరెంట్ సెకండ్ ÷ 10)
గంటలు: (కరెంట్ అవర్ × 30) + (కరెంట్ మినిట్ ÷ 2)

రెండో ముక్క లేకపోతే ఏడున్నరకు కూడా గంటల ముల్లు ఏడు మీదే కూర్చుంటుంది, ఎనిమిది కాగానే ఒక్కసారి గెంతుతుంది. అవర్ 24 గంటల లెక్కలో వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు 13 × 30 = 390. దాన్ని స్క్రాచ్ ఒక చుట్టు తీసేసి 30 కింద తీసుకుంటుంది, మనం ఏమీ చేయనక్కర్లేదు. స్క్రాచ్‌లో గుణకారం ముందు, కూడిక తర్వాత అన్న నియమం వర్తించదు. ఏ బ్లాకులో ఏ బ్లాకు కూర్చుందో అదే బ్రాకెట్. కాబట్టి ముందు కూడిక బ్లాకు పెట్టి, దాని రెండు గుంతల్లో గుణకారం, భాగహారం బ్లాకులు కూర్చోబెట్టండి.

‘టర్న్ 6 డిగ్రీస్, వెయిట్ 1 సెకండ్’ అని పెడితే ఇంకా సులువు కదా అనిపిస్తుంది. అది వద్దు. ఒక సెకను వెయిట్ అయ్యాక లూపు మళ్లీ మొదలవ్వడానికి మరో తెర తాజా పడుతుంది, అంటే సెకనులో ముప్పయ్యో వంతు అదనం. నిమిషం గడిచేసరికి ముల్లు ఒకటి రెండు సెకన్లు వెనకబడుతుంది, సాయంత్రానికి గడియారం పనికిరాకుండా పోతుంది. మన పద్ధతిలో ప్రతిసారీ అసలు సమయాన్నే అడుగుతున్నాం కాబట్టి పొరపాటు పేరుకోదు. ఇక్కడ కూడా వెయిట్ 1 పెడితే మాత్రం, అదే కారణంతో, దాదాపు అర నిమిషానికోసారి ముల్లు ఒక సెకను దాటేసి గెంతుతుంది. 0.1 సరిపోతుంది. అసలు వెయిట్ లేకపోయినా నడుస్తుంది, కాకపోతే రోజంతా నడిచే ప్రోగ్రాం ఊరికే ప్రాసెసర్‌ను వాడటం ఎందుకు.

వారం పేరు

వేరియబుల్స్ విభాగంలో ‘మేక్ ఎ లిస్ట్’ నొక్కి ‘వారాలు’ అని పేరు పెట్టండి. స్టేజ్ మీద కనిపించే పెట్టెలో ప్లస్ గుర్తు నొక్కుతూ ఏడు పేర్లు చేర్చండి. వరస ఆదివారంతో మొదలవ్వాలి, ఎందుకంటే ‘డే ఆఫ్ వీక్’ ఆదివారానికి 1, శనివారానికి 7 ఇస్తుంది. సోమవారంతో మొదలుపెడితే రోజూ రేపటి పేరు కనిపిస్తుంది.

‘ఈరోజు’ అనే వేరియబుల్ చేసి, స్టేజ్ స్క్రిప్టులో ఫరెవర్ లోపల ‘సెట్ ఈరోజు టు (ఐటమ్ (కరెంట్ డే ఆఫ్ వీక్) ఆఫ్ వారాలు)’ పెట్టి, కింద వెయిట్ 1 వేయండి. లిస్ట్ పక్కన టిక్ తీసేసి దాన్ని దాచండి. ‘ఈరోజు’ పెట్టె మీద రైట్ క్లిక్ చేసి ‘లార్జ్ రీడౌట్’ ఎంచుకుంటే పేరు లేకుండా విలువ ఒక్కటే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. దాన్ని మౌస్‌తో లాగి డయల్ పక్కన పెట్టుకోండి.

తెలుగు అక్షరాలతో ఇంకా ఏదైనా చేయాలనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. ‘లెంత్ ఆఫ్ తెలుగు’ అని అడిగితే స్క్రాచ్ 3 అనదు, 6 అంటుంది. త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం అని గుణింతపు గుర్తులను విడిగా లెక్కేస్తుంది. ‘లెటర్ 1 ఆఫ్ సోమవారం’ అడిగితే ‘సో’ రాదు, ‘స’ వస్తుంది. పదాన్ని ఒక్కో అక్షరంగా తెర మీదికి రప్పించాలంటే అక్షరాలను ముందే లిస్టులో విడివిడిగా రాసుకోవడమే దారి.

గంట మోగించడం

సౌండ్స్ ట్యాబ్‌లో లైబ్రరీ తెరిచి ‘బెల్’ అని వెతికి నచ్చిన శబ్దం చేర్చండి. ‘నిమిషం 0 అయితే మోగించు’ అని రాస్తే ఆ నిమిషమంతా మోగుతూనే ఉంటుంది. చివరిసారి ఏ గంటకు మోగిందో గుర్తుపెట్టుకోవాలి. దానికే ‘మోగిన గంట’ వేరియబుల్:

వెన్ ఫ్లాగ్ క్లిక్డ్
సెట్ మోగిన గంట టు (కరెంట్ అవర్)
ఫరెవర్
— ఇఫ్ నాట్ (కరెంట్ అవర్ = మోగిన గంట)
—— సెట్ మోగిన గంట టు (కరెంట్ అవర్)
—— ఇఫ్ (మోగిన గంట > 5) అండ్ (మోగిన గంట < 22)
——— రిపీట్ (((మోగిన గంట + 11) మాడ్ 12) + 1)
———— ప్లే సౌండ్ అంటిల్ డన్
— వెయిట్ 1 సెకండ్స్

ఆ చివరి లెక్క 24 గంటలను 12 గంటలుగా మారుస్తుంది. 13కు 1, 12కు 12 వస్తాయి. ఊరికే మాడ్ 12 అంటే మధ్యాహ్నం పన్నెండుకు సున్నా వచ్చి గంటే మోగదు. రాత్రి పది నుంచి తెల్లవారుజాము ఐదు దాకా మోత ఉండదు, మీ ఇంటి వేళలను బట్టి మార్చుకోండి. ‘స్టార్ట్ సౌండ్’ వాడొద్దు. అది శబ్దం పూర్తయ్యేదాకా ఆగకుండా ముందుకు పోతుంది కాబట్టి ప్రతి దెబ్బా ముందుదాన్ని మింగేసి, పన్నెండు గంటలు ఒక్క గంటలా వినిపిస్తాయి.

పరీక్షించడానికి గంట సేపు కూర్చోనక్కర్లేదు. గడియారం నడుస్తుండగా బ్లాకుల వరసలో ‘సెట్ మోగిన గంట టు 99’ అని పెట్టి దాని మీద ఒక్క క్లిక్ ఇవ్వండి. పగటివేళ అయితే వెంటనే ఇప్పటి గంటకు తగినన్ని దెబ్బలు వినిపిస్తాయి.

తేదీకి ఎన్ని రోజులు

సెన్సింగ్‌లో ‘డేస్ సిన్స్ 2000’ బ్లాక్ 2000 జనవరి 1 నుంచి గడిచిన రోజులను దశాంశాలతో ఇస్తుంది. మీకు కావలసిన తేదీ సంఖ్యను ఎక్సెల్‌లో ఆ తేదీలోంచి 2000 జనవరి 1 తీసేసి తెలుసుకోవచ్చు. ఉదాహరణకు 2027 ఆగస్టు 15కు 10088 వస్తుంది. అప్పుడు మిగిలిన రోజులు:

10088 − ఫ్లోర్ (డేస్ సిన్స్ 2000 + 0.22917)

ఫ్లోర్ అంటే దశాంశాలను వదిలేయడం. ఆ 0.22917 ఎందుకంటే, ఈ బ్లాక్ మన సమయాన్ని పట్టించుకోదు, అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని బట్టి లెక్కిస్తుంది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందున్నాం. ఏమీ కలపకపోతే రోజు అర్ధరాత్రి మారదు, తెల్లవారి 5:30కి మారుతుంది. 5.5ను 24తో భాగిస్తే 0.22917. దుబాయ్‌లో ఉన్నవాళ్లు నాలుగు గంటల తేడాకు 0.16667 పెట్టుకోవాలి. అమెరికాలో చాలాచోట్ల వేసవికీ చలికాలానికీ గడియారం మారుతుంది కాబట్టి అక్కడ రెండు వేర్వేరు సంఖ్యలు అవసరమవుతాయి, పైగా వాటిని కలపకూడదు, తీసేయాలి. ‘కరెంట్ అవర్’ వగైరాలకు ఈ చిక్కు లేదు, అవి స్థానిక సమయమే ఇస్తాయి.

డెస్క్‌టాప్ మీద నిలబెట్టడం

రోజూ స్క్రాచ్ తెరిచి, ఫైలు ఎక్కించి, జెండా నొక్కడం విసుగు. టర్బోవార్ప్ ప్యాకేజర్ అనే ఉచిత పనిముట్టు స్క్రాచ్ ఫైలును ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా మారుస్తుంది. దాని సైట్‌లో మీరు సేవ్ చేసుకున్న స్క్రాచ్ ఫైలు (ఎస్‌బీ3) ఇచ్చి, తెరవగానే దానంతట అదే మొదలయ్యే ఎంపికకు టిక్ పెట్టి, ప్యాకేజ్ చేసి దించుకోండి. తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ‘షెల్:స్టార్టప్’ అని ఇంగ్లిష్‌లో టైపు చేస్తే ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో ఈ హెచ్‌టీఎంఎల్ ఫైలుకు షార్ట్‌కట్ పెడితే కంప్యూటర్ ఆన్ అవగానే గడియారం బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఎఫ్11 నొక్కితే తెర నిండా వస్తుంది.

ఇలా తెరిచినప్పుడు ముళ్లు తిరుగుతున్నా గంట మోగకపోతే స్క్రిప్టును అనుమానించకండి. పేజీ మీద ఒక్క క్లిక్ అయినా పడేదాకా బ్రౌజర్లు శబ్దాన్ని ఆపి ఉంచుతాయి. ఇంకోటి, ట్యాబ్ వెనక్కి పోయినా, కిటికీ మినిమైజ్ అయినా బ్రౌజర్ దాన్ని నెమ్మదింపజేస్తుంది. ముందుకు రాగానే ముళ్లు సరైన చోటికి వచ్చేస్తాయి, గంట మోత మాత్రం ఆలస్యం కావచ్చు.

ఇదే గడియారాన్ని తర్వాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయాలనిపిస్తే, దానితో పాటే వచ్చే టర్టిల్ మాడ్యూల్ పెన్ బ్లాకుల పనంతా చేస్తుంది. అందులో మామూలుగా 0 డిగ్రీలు కుడివైపు, కోణం ఎదురు దిశలో పెరుగుతుంది. మొదట్లోనే మోడ్‌ను ‘లోగో’కు మారిస్తే 0 పైకి వచ్చి, ఇక్కడి ఫార్ములాలు మూడూ మార్పు లేకుండా పనిచేస్తాయి.